పేరాశలో పేరు ఏమిటి?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు గనుక, నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడి కూర్చుంటాను. ఆ మాట 'పేరాశ'.

మొన్న మా మనవరాలు, "తాతయ్యా, పేరాశ అంటే పేరు కోసం ఆశపడటమా?" అని అడిగింది. నవ్వకండి. బాగా చదువుకున్నవారు కూడా అలాగే అనుకోవడం నేను విన్నాను. ఇక్కడ 'పేరు' అంటే నామధేయం కాదు, 'పెద్ద' అని. హైస్కూల్లో టుగాగమ సంధికి ఉదాహరణలు వల్లె వేశాం, గుర్తుందా? చిగురుటాకు, పొదరుటిల్లు, వాటి పక్కనే పేరుటురము. పేరు, ఉరము, అంటే విశాలమైన రొమ్ము. రాజుగారి నిండు కొలువును పేరోలగం అన్నదీ అందుకే. తమిళులకూ ఈ మాట ఉంది, వాళ్లు 'పేరాశై' అంటారు. ఇక 'ఆశ' సంస్కృతం. పట్టింపుగల పండితులు దాన్ని కూడా తెలుగు చేసి 'పేరాస' అని రాసేవారు.

దురాశ వేరు. అందులో 'దుర్' అంటే చెడ్డ. అత్యాశలో 'అతి' హద్దు దాటడం. పేరాశ అనే మాటలో మాత్రం ఉన్నది కొలతే, తిట్టు తర్వాత వచ్చి చేరింది. అసలు సిసలు దురాశకు మాట కావాలంటే సంస్కృతంలో 'గృధ్' అనే ధాతువు ఉంది, ఆబగా కోరడమని అర్థం. దాన్నుంచే గృధ్రము, దాని వికృతే మన గద్ద.

ఇదంతా తెలిసి కూడా నేను ఒకసారి తప్పు మాట్లాడాను. 1999లో నాతోపాటు రిటైరైన మిత్రుడొకాయన, గ్రాట్యుటీ డబ్బులో 60 వేలు తీసి ఒక ఫైనాన్స్ కంపెనీలో వేశారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ ఇస్తామన్నారు, బ్యాంకు ఇచ్చేదానికి అది దాదాపు రెట్టింపు. ఏడాది తిరక్కుండానే బోర్డు తిప్పేశారు. పరామర్శకు వెళ్లి, "పేరాశకు పోతే ఇంతే కదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లోపలినుంచి ఆయన భార్య మాత్రం, "బ్యాంకు వడ్డీతో మా రెండో అమ్మాయి పెళ్లి జరగదు కదా అన్నయ్యగారూ" అన్నారు.

ఆ ఇంట్లో ఉన్న ఆశ ఎంత? ఒక పెళ్లి ఖర్చంత. వందల ఇళ్లనుంచి అలాంటి డబ్బు పోగుచేసుకుని ఊరు దాటినవారిది పేరాశ. నేను ఆ మాటను తీసుకెళ్లి, మోసపోయిన మనిషికి తగిలించాను. ఇప్పుడా బోర్డులు ఫోన్లలోకి వచ్చాయి. మోసపోయిన పెద్దవాళ్లను ఇంట్లోవాళ్లే దురాశ అని దెప్పుతూంటే వింటున్నాను. ఆ మాట పడాల్సి వస్తుందనే భయంతో, పోయిన డబ్బు సంగతి పిల్లలకు కూడా చెప్పుకోలేనివారు మనలోనే ఉన్నారు.

ఆ మిత్రుడు మూడేళ్లపాటు మన సమావేశాలకు రాలేదు. చివరికి నేనే వెళ్లి, తప్పయిందని చెప్పుకున్నాను. అమ్మాయి పెళ్లికి ఊరి పొలం అమ్మిన సంగతి అప్పుడే తెలిసింది. ఇవాళ ఆయన ఈ హాల్లోనే కూర్చున్నారు. ఇది చెప్పమని ఒప్పుకున్నదీ ఆయనే, పేరు మాత్రం చెప్పవద్దన్నారు.

భోజనాలు సిద్ధమని కబురు వచ్చింది. సెలవు.