రేవు దగ్గర ఆగిన చదువు



మా అమ్మ గురించి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. అమ్మ 92 ఏళ్లు బతికింది. చదివింది ఐదో తరగతి. ఆపైన చదవాలంటే గోదావరి పాయ దాటాలి. ఆడపిల్లను పడవెక్కించడానికి తాతయ్య ఒప్పుకోలేదు. అందుకే మన హైస్కూలు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే.

సాయంత్రాలు అన్నయ్య, నేను, చెల్లి అరుగు మీద పైకి చదవాలి. అమ్మ బియ్యం ఏరుతూ వినేది. అర్థం కాకపోతే "మళ్లీ చదవరా" అనేది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పేసరికి మాకు పాఠం వచ్చేసేది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. నేనప్పుడు పదో తరగతి. మా వీధిలోకి నీళ్లొస్తుంటే అమ్మ ముందు అటకెక్కించింది మా పుస్తకాలు, తరవాతే బియ్యం బస్తా.

వేసవిలో ఆవకాయ కలిపిన బేసిన్లోనే వేడన్నం, నెయ్యి కలిపి అందరికీ ముద్దలు పెట్టేది. తొంభై దాటాక మనవలకు పెట్టినా ముద్ద చిన్నది కాలేదు.

ఇంటికొచ్చిన ప్రతి ఆడపిల్లనీ "ఏం చదువుతున్నావే?" అని అడిగేది. ఆవిడ గాజులు అమ్మిన డబ్బు మేం ముగ్గురం సంఘానికి అప్పగిస్తున్నాం. ఇంటర్‌కి ఊరు దాటాల్సిన ఆడపిల్లలకు సైకిళ్లు, పుస్తకాలు కొనండి. మన ఊరి ఆడపిల్ల ఎవరూ ఇక రేవు దగ్గర ఆగిపోకూడదు.

సెలవు.