సాక్షిగా ఒక అమ్మాయి



అమెరికన్ నల్లజాతి రచయిత్రి యాంజీ థామస్ నవల ‘ద హేట్ యు గివ్’ 2017లో వచ్చింది. పదహారేళ్ల స్టార్ కళ్లముందే ఆమె స్నేహితుడు ఖలీల్‌ను పోలీసు కాల్చి చంపుతాడు. కారులోని దువ్వెన బ్రష్షు అతనికి తుపాకీలా కనిపించిందట. దీన్ని తరగతిలో ఎలా చదివించాలి?

మొదట బోర్డును రెండుగా విడదీయాలి. టీవీ వార్తలు ఖలీల్‌ను ఏమన్నాయో ఒకవైపు, స్టార్‌కు తెలిసిన ఖలీల్ ఎవరో మరోవైపు పిల్లలతో రాయించాలి. చనిపోయినవాడినే ముద్దాయిని చేసే భాష అప్పుడు బయటపడుతుంది.

పోలీసు ఆపితే ఎలా మెలగాలో స్టార్‌కు పన్నెండేళ్లకే తండ్రి నేర్పాడు. ‘మీ ఇంట్లో ఏం నేర్పారు?’ అన్నది పిల్లలు ఎవరికి వారు రాసుకోవాలి. పైకి చదవమని బలవంతపెట్టకూడదు. నల్లజాతి పిల్లలను తరగతికి సాక్షులుగా నిలబెట్టడం కూడా పెత్తనమే. కాల్పుల ఘట్టాన్ని నటింపజేయనే కూడదు.

స్టార్ మేనమామ కార్లోస్ కూడా పోలీసే. తప్పు ఒక్క మనిషిదా, వ్యవస్థదా అన్న చర్చకు అతని పాత్ర దారి తీస్తుంది.

2018లో సౌత్ కరోలినాలో ఒక హైస్కూలు వేసవి పుస్తకాల జాబితాలో ఈ నవల ఉండడాన్ని పోలీసుల సంఘం వ్యతిరేకించింది. పోలీసులపై అపనమ్మకం నూరిపోస్తుందని వారి వాదన. అపనమ్మకాన్ని పుట్టించేది పుస్తకమా, తూటానా?

నవలలో గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసుపై అభియోగం మోపదు. అయినా స్టార్ వీధిలో చేతిమైకు అందుకుంటుంది. ఆ గొంతు పిల్లలకు వినిపించడమే మన పని.