ఒక ఊరు – పలు నేలలు
(గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



పలాసనుండి సముద్రమువైపు పోవువారికి కొండల చేరువ ఎర్రనేలయు, పిదప కొబ్బరి, జీడి తోటల ఇసుకనేలయు, తుదకు తీరపు దిబ్బలును కానవచ్చును. టెక్కలి దిక్కున నౌపడవద్ద ఉప్పుమళ్ళున్నవి. సోంపేట చెంత బీల యనబడు తడినేల యున్నది.

ఇది జిల్లా పటములోని తీరు. ఒక్క గ్రామమునే చూచినను మెరకన ఒక మన్ను, గెడ్డ యొడ్డున వేరొక మన్ను. ఒక్క కమతములోను ఒక మూల ఇసుక, మరొక మూల బంకమన్ను. మునగ మండను చూడుడు: పెద్దరెమ్మ యెట్లు చీలినదో, అందలి చిన్నరెమ్మయు నట్లే చీలియుండును. ఇట్టి రూపములకు మాండెల్‌బ్రాట్ అను గణితవేత్త 1975లో ‘ఫ్రాక్టల్’ అని పేరిడెను. నేలల కొలతలలోను ఈ లక్షణము కలదని 1981లో బరో అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. అయితే నేల మునగ మండవలె అంత క్రమముగా నుండదు. దగ్గరకు పోయినకొలది క్రొత్త భేదములు బయటపడుచుండుననుటయే ఇందలి సారము. కొండరాయి, వాగు, గాలి, చెట్టువేరు, మనుష్యుని నాగలి – ఇవి యొక్కొక్కటి యొక్కొక్క మేరలో నేలను మార్చుటయే దీనికి కారణము.

దీనితో పంచాయతీకేమి పని యందురా? 2015లో ఆరంభమైన భూసార పత్రముల పథకమున, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున నిర్ణయించిరి. అనగా సుమారు 25 ఎకరములు. అందు దిబ్బయు, పల్లమును రెండునుండవచ్చును. రెండింటి మన్నును కలిపి పరీక్షించినచో వచ్చు ఫలితము దిబ్బకును చెల్లదు, పల్లమునకును చెల్లదు. దానిని నమ్మి ఇసుకనేలలో ఒక్కసారిగా యూరియా చల్లినచో, అది వాననీటితో వేరునకందక దిగిపోవును. రైతు సొమ్ము నేలపాలగును.

2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు ఉద్దానపు తోటలెన్నియో కూలినవి. మరల నాటిన కొబ్బరిమొక్క ఫలించుటకు ఏండ్లు పట్టును. నేల నెరుగక నాటినచో ఆ ఏండ్లు తిరిగి రావు.

కావున నమూనాలు తీయుటకు ముందే అనుభవజ్ఞులగు రైతులతో ఊరంతయు తిరిగి, మన్ను మారుచోట్లను గ్రామపటముపై గుర్తింపుడు. రంగు, వాలు, పైరు వేరైన ప్రతి భాగమును వేరుగా నెంచుడు. పైరు భూములలో ఒక్కొక్క భాగమున 8 నుండి 10 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతువరకు మన్ను తీసి, బాగుగా కలిపి, అరకిలో మాత్రము పరీక్షకు పంపుడు. గట్లయొద్దను, ఎరువుకుప్పలయొద్దను తీయరాదు. తోటలకైనచో లోతుపొరల మన్నును గూడ విడివిడిగా తీయవలెను.

ఏ మూల ఏ మన్నున్నదో మీ పెద్దలకు తెలియును. ఆ యెరుకను పటముపై నెక్కించి, పరీక్షాశాలవారికందించుట మీ కర్తవ్యము.