పెరటి చిక్కుడు, మన కంచంలో కూర
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మనం కూర్చుంటే పొదుపు, అప్పు, వాయిదా గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు కూర గురించి మాట్లాడుకుందాం. కూరగాయల ధర పెరిగితే ఇంట్లో ముందు ఎవరి కంచంలో కూర తగ్గుతుంది? అందరికీ వడ్డించి చివర్న కూర్చునే మనకే. ఒక్క చిక్కుడు పాదు బ్యాంకు వాయిదా కట్టలేదు గానీ, చలికాలమంతా ఈ లోటు తీరుస్తుంది.

తొలకరి పడ్డాక, జూన్, జూలై నెలల్లో మూరెడు గుంత తీసి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. గుంతకు మూడు నాలుగు గింజలు వేలి కణుపు లోతున పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచుకోవాలి. పాదులో నీళ్లు నిలవకూడదు. పందిరి వేయలేకపోతే దడి మీదకైనా పాకించవచ్చు.

సెప్టెంబరు నాటికి తీగ గుబురుగా అల్లుకుంటుంది, పూత మాత్రం కనపడదు. ఇది గొడ్డు తీగ అని చాలామంది పీకేస్తారు. పీకొద్దమ్మా! పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. పూత కోసమని యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. చిక్కుడు వేళ్ల మీది బుడిపెలే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. ఓపిక పడితే సంక్రాంతికి కూర, రథసప్తమికి రథం కట్టే కాయలు మన పెరట్లోనే దొరుకుతాయి.

తీగ మీద చీమలు బారులు తీరితే పేనుబంక వచ్చిందేమో చూసుకోవాలి. బంక పట్టిన కొనలు తుంచి దూరంగా పారేయాలి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

బాగా కాసిన తీగకు కొన్ని కాయలు కోయకుండా ఎండనివ్వాలి. ఆ గింజలు ఆరబెట్టి, బూడిద కలిపి డబ్బాలో దాస్తే వచ్చే ఏడు విత్తనం కొనక్కర్లేదు. ఎండు గింజలు వండుకునేటప్పుడు మాత్రం నానబెట్టి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి.

మా గ్రామ సంఘం తరఫున ఒక్కటే కోరిక. ప్రతి సభ్యురాలు గుప్పెడు గింజలు దాచి, తొలకరికి ముందు జరిగే సమావేశానికి తేవాలి. పెరడు లేని అక్కకు, అద్దె ఇంట్లో ఉండే చెల్లెకు ముందుగా ఇద్దాం. వాళ్లు మట్టి నింపిన బస్తాలోనైనా పెంచుకుంటారు. ఈ మాట తీర్మానాల పుస్తకంలో రాసుకుందాం. పందిరి నిండా కాసిన రోజు మన కంచంలోనూ నిండుగా వడ్డించుకుందాం.