ఒకే సంఖ్యగల రెండు స్విచ్చులు



మోటారుకారు నడుపువాడు తాళపుచెవి త్రిప్పగానే యంత్రము కదలుట మీరందఱును చూచినదే. ఆ చెవి త్రిప్పినచోటనే నిలుచుటకు స్విచ్చులోపల ఒక చిన్న మేకును, దానివెనుక ఒక స్ప్రింగును ఉండును. స్ప్రింగు మేకును గాడిలోనికి నొక్కిపట్టును. మన బండియిరుసు చివర చీల యెట్టిదో ఇదియు నట్టిదే. వెల స్వల్పము, పని గొప్పది. దీనివలన అమెరికాదేశమున జరిగిన యొక వృత్తాంతమును మీకు విన్నవించెదను.

జనరల్ మోటార్సు కంపెనీ తన చౌకకార్లగు శాటర్న్ అయాన్, షెవర్లే కోబాల్ట్ అనువానికి ఒక క్రొత్త స్విచ్చును సిద్ధపఱచెను. చెవి త్రిప్పుటకు ఇంత బలము పట్టవలెనని కంపెనీవారే కొలత వ్రాసికొనిరి. పరీక్షలో స్విచ్చు ఆ కొలతకు తక్కువగా తేలెను. అయినను 2002లో దానిని అంగీకరించిరి. పరీక్ష తప్పిన పిల్లవానిని పైతరగతికి పంపిన ఉపాధ్యాయులను నేనెఱుగుదును. అందు నష్టపడువాడు ఆ పిల్లవాడొక్కడే.

ఇచ్చట తాళపుగుత్తి బరువైనను, మోకాలు తగిలినను చెవి వెనుకకు జాఱెడిది. పరుగులోనే యంత్రమాగును. చక్రము త్రిప్పుటకును, బ్రేకు నొక్కుటకును తోడ్పడు శక్తి తప్పిపోవును. అంతకంటె ఘోరమేమనగా, కారు గుద్దుకొన్నప్పుడు విచ్చుకొని మనిషిని కాపాడవలసిన గాలిసంచి విచ్చుకొనదు. 2005లో దిద్దుబాటు ప్రతిపాదింపబడెను గాని, ఖర్చు ఎక్కువయని త్రోసివేసిరి. ఆ అధికపు వెల స్విచ్చు ఒకటికి డాలరునకు లోపే!

2006లో మేకును, స్ప్రింగును పొడవు చేయించిరి, పట్టు పెరిగెను. ఇంతవఱకు మెచ్చుకొనవలసినదే. కాని క్రొత్తదానికిని పాత సంఖ్యనే ఉంచిరి. నాకు మిక్కిలి వింతగా తోచునది ఇదియే. తాళపత్రగ్రంథములను పరిష్కరించువాడు తాను దిద్దిన పాఠమిది, పూర్వపాఠమిదియని గుర్తు పెట్టును. గుర్తులేని దిద్దుబాటు తప్పును పోగొట్టదు, దాచును. తక్కిన ప్రతులలో ఆ తప్పు అట్లే నిలిచియుండును. ఇందును అదియే జరిగినది. పాత కార్లలో గాలిసంచులు విచ్చుకొనకున్నవి, తరువాతి కార్లలో ఆ బాధ లేదు. సంఖ్య మాత్రము ఒక్కటే. కావున స్విచ్చు మాఱలేదని తలచి, కంపెనీలోని పరిశోధకులే కారణమును వేఱుచోట్ల వెదకుచు ఏండ్లు గడపిరి.

తుదకు గుట్టు బయటపెట్టినది కంపెనీ కాదు. జార్జియా రాష్ట్రమున కూతురును పోగొట్టుకొన్న తల్లిదండ్రులు వేసిన దావాలో, వారి పక్షపు ఇంజనీరు పాత స్విచ్చును, అంగడిలో కొన్న క్రొత్త స్విచ్చును విప్పి ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. మేకుల పొడవులో భేదము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. అనగా సుమారు పదునైదు కాగితముల మందము, వరిగింజ మందము కంటె తక్కువ.

2014 ఫిబ్రవరిలో కార్లను వెనుకకు పిలుచుట మొదలుపెట్టిరి; మార్చి ముగియునప్పటికి వాని లెక్క 26 లక్షలు. ఏప్రిలులో కంపెనీ అధినేత్రి మేరీ బారా అమెరికా కాంగ్రెసు ఎదుట నిలిచి సమాధానము చెప్పవలసివచ్చెను. 15 మంది ఉద్యోగులను తొలగించిరి. 2015లో ప్రభుత్వమునకు 90 కోట్ల డాలర్లు చెల్లింప నొప్పుకొనిరి. నష్టపరిహారనిధివారు 124 మరణములను ఈ స్విచ్చు ఖాతాలో అంగీకరించిరి.

మరమ్మతు జరుగువఱకు కార్లవారికి కంపెనీ ఇచ్చిన సలహా యొక్కటే: గుత్తినుండి తక్కినవన్నియు తీసివేసి, ఆ తాళపుచెవి నొక్కదానినే ఉంచుకొని నడుపుడని.