స్వేచ్ఛ కట్టిన ఊరు, కథ కాపాడిన బజారు

(అంబేద్కర్ యువజన సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 15 అంటే మనకు బళ్లో ఎగరేసే జెండా గుర్తొస్తుంది. ఇవాళ మేము ఇంకో ఆగస్టు 15 గురించి చెప్పాలనుకుంటున్నాం. అది 1887 ఆగస్టు 15. మన దేశానికి స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా 60 ఏళ్ల ముందు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ రోజు 27 మంది నల్లవాళ్లు ఒకచోట కూడి ఓటేశారు. 'ఇది మా ఊరు, దీని పాలన మాది' అని తీర్మానం చేసుకున్నారు. అప్పటికి అక్కడ బానిసత్వం రద్దయి 22 ఏళ్లే. ఆడవాళ్లకు ఓటు లేని కాలం, కాబట్టి ఆ 27 మందీ మగవాళ్లే. ఆ ఊరి పేరు ఈటన్‌విల్.

మీలో కొందరు అనుకోవచ్చు. 'మన పల్లెకు మంచినీళ్లు లేవు, శ్మశానానికి దారి లేదు, ఈ పంతులు అమెరికా కబుర్లు మొదలెట్టాడేంట్రా' అని. ఆ దేశం నల్లవాళ్ల సంగతి మనకు కొత్తది కాదు. బాబాసాహెబ్ 1946లో అక్కడి నల్లజాతి మేధావి డు బోయిస్‌కు స్వయంగా ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మన యువకులు సంఘం పెట్టుకుని, అక్కడి బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల గెలుపు మనకు పాఠం, వాళ్ల దెబ్బా మనకు పాఠమే.

మనకు ఊరు వేరు, వాడ వేరు. పంచాయతీ ఆఫీసు ఊళ్లో, రచ్చబండ ఊళ్లో, పెద్దబజారు ఊళ్లో. మనం వాడలో. మరి వాడే ఊరైతే ఎట్లా ఉంటుంది? సర్పంచి మనోడు, పోలీసు మనోడు, పంతులు మనోడు, కొట్టు మనోడిది. పక్క ఊళ్లోవాళ్ల దయ మీద బతకాల్సిన పని లేదు. ఈటన్‌విల్ అటువంటి ఊరు. నల్లవాళ్లు తమకు తామే చట్టబద్ధంగా ఏర్పాటు చేసుకున్న తొలి పట్టణాల్లో అది ఒకటి. ఆ రోజుల్లో నల్లవాళ్లు ఊరు కట్టుకుంటామంటే భూమి అమ్మే తెల్లవాడు దొరకడం కష్టం. దొరికిన ఒకరిద్దరిలో ఈటన్ అనే ఆయన ఒకడు. ఆయన పేరే ఊరికి పెట్టారు. 'స్వేచ్ఛ కట్టిన ఊరు' అని ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

పెద్ద ఊరేం కాదు. 2020 జనాభా లెక్కల్లో 2,300 పైచిలుకు మంది. మన దగ్గర ఒక మోస్తరు గ్రామమంత. దాని మధ్య నుంచి పోయే పెద్దబజారును ఇప్పుడు కెనడీ బులవార్డ్ అంటారు. పాత రోజుల్లో జో క్లార్క్ అనే నల్లజాతి పెద్దమనిషికి అక్కడ కొట్టు ఉండేది. ఊరు కట్టడంలో ముందు నిలబడ్డవాళ్లలో ఆయనొకడు. పొద్దుగూకితే జనం ఆ కొట్టు అరుగు మీద చేరేవాళ్లు. కబుర్లు, సామెతలు, కోతలు, జంతువుల కథలు, ఒకరి మీద ఒకరు విసుర్లు. అరుగు పక్కన ఒక చిన్నపిల్ల చెవులు రిక్కించుకుని వినేది. ఆ పిల్లే జోరా నీల్ హర్‌స్టన్.

జోరా 1891లో అలబామాలో పుట్టింది. పసితనంలోనే ఈటన్‌విల్ వచ్చింది. వాళ్ల నాన్న వడ్రంగం చేసేవాడు, చర్చిలో బోధించేవాడు, ఆ ఊరికి మేయరుగా కూడా చేశాడు. తల్లి పోయాక పిల్ల చెదిరిపోయింది. ఇళ్లల్లో పనిమనిషిగా చేసి, ఆగిపోయిన చదువు పెద్దయ్యాక మళ్లీ పట్టుకుంది. 1928లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో డిగ్రీ తీసుకుంది. ఆ కాలేజీలో పట్టభద్రురాలైన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. బర్నార్డ్ అంటే కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఆడపిల్లల కాలేజీ. అదే కొలంబియాలో 1913 నుంచి 1916 దాకా మన బాబాసాహెబ్ చదువుకున్నారు. కులాల పుట్టుక మీద తన వ్యాసాన్ని 1916లో చదివింది అక్కడి మానవశాస్త్ర తరగతిలోనే. జోరా చదివిందీ మానవశాస్త్రమే.

అంత చదువు చదివి ఆమె ఏం చేసింది? తన ఊరికే తిరిగొచ్చింది. ఆ అరుగు మీది కథలన్నీ రాసుకుంది. 'మ్యూల్స్ అండ్ మెన్' పేరుతో 1935లో పుస్తకం వేసింది. 1937లో రాసిన నవలలో కూడా ఆ ఊరే, ఆ అరుగే. చదువుకున్న మనవాళ్లలో కొందరు పల్లె పేరు చెప్పడానికి సిగ్గుపడతారు. ఉద్యోగం రాగానే ఇంట్లో మాట మార్చేస్తారు. మేమూ ఒకప్పుడు ఆ సిగ్గు పడ్డవాళ్లమే. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. పట్నం హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మ మాట మా నోట రాకుండా జాగ్రత్త పడేవాళ్లం. అందుకే జోరా గురించి చదివినప్పుడు మాకు చెంప చెళ్లుమన్నట్లయింది.

అంతటి రచయిత్రి చివరికి పేదరాలిగా పోయింది. ముసలితనంలో కొన్నాళ్లు మళ్లీ పనిమనిషి పని, కొన్నాళ్లు బళ్లో తాత్కాలిక పంతులమ్మ పని చేసింది. 1960లో చనిపోతే చందాలు వేసుకుని పూడ్చారు. సమాధి మీద రాయి కూడా లేదు. ఆమె కాగితాల్ని చెత్తతోపాటు మంట పెడుతుంటే, ఆమెను ఎరిగిన ఒక నల్లజాతి పోలీసాయన అటుగా వచ్చి మంట ఆర్పాడు. మిగిలినవి అలా మిగిలినవే. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటూ వెళ్లి, గడ్డి పెరిగిన శ్మశానంలో ఆమె సమాధికి రాయి పెట్టించింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈటన్‌విల్‌కు దగ్గర్లో ఓర్లాండో నగరం ఉంది. 1971లో అక్కడ డిస్నీ వాళ్ల వినోద నగరం తెరిచాక ఆ చుట్టుపక్కల భూమి బంగారమైంది. అంతకు ముందే పెద్ద హైవే ఈటన్‌విల్‌ను కోసుకుంటూ పోయింది, ఊళ్లోకి దిగే దారి మాత్రం ఇవ్వలేదు. 1987లో, ఊరికి వందేళ్లు నిండిన ఏడాదే, కౌంటీ అధికారులు కొత్త పథకం పెట్టారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రెండు వరసల కెనడీ బులవార్డ్‌ను ఐదు వరసలు చేస్తామన్నారు. ఎవరి కోసం? పక్క ఊళ్లవాళ్ల కార్లు తొందరగా పోవడం కోసం. అంత చిన్న ఊరి మధ్య ఐదు వరసల రోడ్డు పడితే ఊరు ఏమవుతుంది? బజారు పోతుంది, జనం చేరే చోటు పోతుంది, రెండు ముక్కలు మిగులుతాయి.

మనకిది తెలియంది కాదు. రోడ్డు వెడల్పు చేయాలంటే గీత ఎప్పుడూ మన గుడిసెల మీదికే ఎందుకు వంగుతుంది? మా మండల కేంద్రంలో ఒకసారి రోడ్డు పని వచ్చింది. ఒక పక్క మేడలు, ఒక పక్క మన పల్లె. ఏ పక్క పోయిందో మేం చెప్పనక్కర్లేదు.

ఈటన్‌విల్ వాళ్లు ఏం చేశారు? సంఘం పెట్టుకున్నారు. ఈటన్‌విల్ సమాజ పరిరక్షణ సంఘం అని మనం చెప్పుకోవచ్చు. లాభం కోసం నడిచేది కాదు. ఎన్.వై. నతీరి అనే ఆమె దాన్ని ఎన్నో ఏళ్లు ముందుండి నడిపారు. 'మా రోడ్డు వెడల్పు చేయొద్దు' అని ఊరికే దండం పెడితే అధికారి వినడు. 'ఇక్కడ ఏముంది, నాలుగు పాత ఇళ్లేగా' అంటాడు. ఏముందో చూపించాలి. అందుకని వాళ్లు జోరాను ముందు పెట్టారు. 1990 జనవరిలో, జోరా పుట్టిన నెలలో, ఆమె పేరు మీద కళల పండగ చేశారు. పాట, నాటకం, కథ చెప్పడం, బొమ్మలు, పండితుల ఉపన్యాసాలు. సమాధికి రాయి పెట్టించిన ఆలిస్ వాకరే వచ్చి మాట్లాడింది. అదే ఏడాది ఆ బజార్లోనే జోరా పేరుతో నల్లజాతి చిత్రకారుల బొమ్మలకు ఒక చిన్న మ్యూజియం తెరిచారు. ఐదు వరసల పథకం వెనక్కి పోయింది. 1998లో ఆ చారిత్రక ప్రాంతం దేశపు చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఒకప్పుడు అరుగు మీది కబుర్లు, ఇప్పుడు బజారుకు కాపలా.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగానే ఉంటుంది. కానీ మేము మీకు పూర్తిగా చెప్పాలి. ఆ ఊళ్లో 1897లో నల్లజాతి దంపతులు ఒక బడి పెట్టారు. హంగర్‌ఫోర్డ్ స్కూలు. నల్లపిల్లల చదువు కోసమని దాతలు భూమి ఇచ్చారు. అది పెరిగి సుమారు 300 ఎకరాలైంది. 1951లో ఆ బడీ, భూమీ కౌంటీ స్కూలు బోర్డు చేతికి పోయాయి. ఎంతకు? సుమారు 16 వేల డాలర్లకు. తర్వాత ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది. బడి భవనాల్ని 2020లో కూలగొట్టారు. మిగిలిన సుమారు 100 ఎకరాల్ని ఇళ్ల వ్యాపారం చేసేవాళ్లకు కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా అమ్మబోయారు. ఊరివాళ్లు లేచారు. టౌన్ కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. పండగ చేసే ఆ సంఘమే కోర్టుకెక్కింది. 2023 మార్చి 31న ఆ బేరం రద్దయింది. అయినా 2024లో దేశంలో ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల్లో ఈటన్‌విల్‌ను చేర్చాల్సి వచ్చింది.

దీన్నించి మనం నేర్చుకునేదేంటి? 30 ఏళ్లకు పైగా పండగ చేసినా ఊరి పక్క భూమికి దానంతట అదే రక్షణ రాలేదు. పాట విని చప్పట్లు కొట్టినవాడే రేపు పట్టా రాయించుకుపోతాడు. అయితే పండగ వృథా కూడా కాదు. 2023లో ఆ ఊరు ఒంటరిగా లేదంటే, జోరా పేరు దేశమంతా తెలిసి ఉండడమే కారణం. పాట ఒక్కటే చాలదు, పట్టా కావాలి. పట్టా ఒక్కటే చాలదు, పాట కావాలి.

మన సంగతి చూడండి. మన డప్పు పెద్దబజార్లోకి ఎప్పుడు పోయేది? జాతరకు, పెళ్లికి, చావుకు. డప్పు కొట్టినంతసేపే బజారు మనది. డప్పు ఆగితే చెప్పులు చేత్తో పట్టుకుని వాడకు రావాలి. అంటే కళ మనది, బజారు వాళ్లది. ఈటన్‌విల్‌లో బజారూ వాళ్లదే, కళా వాళ్లదే. తేడా అక్కడుంది. మనవాళ్లూ చేశారు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను నరికితే, బతికి బయటపడ్డవాళ్లు చీరాల వచ్చి శిబిరం వేసుకున్నారు, అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపేసిన మనవాళ్లను ఊరి నడిబొడ్డునే పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. మనకు చరిత్ర లేక కాదు. దాన్ని రాసుకునే అలవాటు తక్కువ.

అందుకని ఈ తరగతుల నుంచి వెళ్లేటప్పుడు మూడు పనులు పట్టుకెళ్లండి.

ఒకటి. మీ పల్లెలో పెద్దమ్మలు, తాతలు ఉన్నారు. పల్లె ఎప్పుడు కట్టారు, బావి ఎవరు తవ్వారు, మొదట బడికెళ్లిందెవరు, ఎవరు ఎదురు తిరిగారు, ఏ పాట పాడేవాళ్లు, అడిగి రాయండి. చేతిలో ఫోనుంది, రికార్డు చేయండి. ముసలాళ్లు పోతే మంట ఆర్పడానికి ఏ పోలీసూ రాడు.

రెండు. మన శ్మశానం, బడి, అంబేద్కర్ భవనం, చర్చి, ఇళ్ల స్థలాలు, వీటి సర్వే నంబర్లు తెలుసుకోండి. కాగితం ఎవరి పేరున ఉందో చూడండి. దాతలిచ్చిందైనా, సర్కారిచ్చిందైనా, కాగితం మనం చూసుకోకపోతే 16 వేలకు పోతుంది.

మూడు. ఏడాదికొక రోజు మన పల్లె పండగ మనమే చేసుకుందాం. ఎమ్మెల్యే డబ్బుతో కాదు, మన చందాతో. లెక్క గోడ మీద రాద్దాం. మాల, మాదిగ అని విడిపోకుండా, ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టి, పెద్దబజార్లోనే చేద్దాం. చెప్పులేసుకునే నడుద్దాం.

27 మంది ఓటేస్తే ఒక ఊరు పుట్టింది. ఈ గదిలో మనం అంతకంటే ఎక్కువమందే ఉన్నాం.

జై భీం!