ఆ పని ఎవరి పేరు మీద ఉంది?

(వేసవి కంప్యూటర్ తరగతుల చివరి రోజున చేసిన ప్రసంగ పాఠం)



మా ఇళ్ళల్లో పలకా బలపం పట్టింది మా తరమే. ఈ పిల్లలు కంప్యూటర్ పట్టారు. బడి పంతుళ్ళం మేం, సాఫ్ట్‌వేర్ మాకు రాదు. అయినా వీళ్ళ పక్కన కూర్చుని 'గిట్' నేర్చుకున్నాం. అందులో తగిలిన ఒక దెబ్బ గురించి చెప్పాలి.

గిట్ అంటే ఏంటి? ప్రోగ్రాం రాసేటప్పుడు ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టే చిట్టా అనుకోండి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు లైనక్స్ రాసేవాళ్ళు బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సరుకుని ఉచితంగా వాడుకునేవాళ్ళు. కంపెనీ ఆ ఉచితం తీసేసింది. ఒకరి దయ మీద నడిచే పని అంతే కదా! అప్పుడు పుట్టింది గిట్.

మార్పు చేసి 'కమిట్' కొడితే చిట్టాలోకి ఎక్కుతుంది. తర్వాత ఏం పాడుచేసినా అక్కడికి వెనక్కి పోవచ్చు. తప్పు చేస్తే నవ్వుతారని చెయ్యి కదపని పిల్లలు దీంతో ధైర్యంగా రాశారు.

ఇక దెబ్బ. నలుగురికి ఒకటే లాప్‌టాప్. మన గ్రంథాలయం పుస్తకాల లెక్కకి ప్రోగ్రాం రాశారు. ఎక్కువ భాగం ఒక ఆడపిల్ల రాసింది, పగలు మిరపకాయల కోతకి పోయొచ్చి రాత్రిళ్ళు కూర్చుని. చివర్లో 'గిట్ లాగ్' కొట్టి చూస్తే ప్రతి కమిట్టూ లాప్‌టాప్ తెచ్చిన కుర్రాడి పేరు మీదే ఉంది! వాడు దొంగ కాదు. మొదటి రోజు తన పేరు పెట్టుకున్నాడు, అంతే. కుర్చీలో ఎవరున్నారో గిట్ చూడదు. సెట్టింగులో ఏ పేరుంటే ఆ పేరే రాస్తుంది. రేపు ఉద్యోగానికి పోతే 'నువ్వు రాసింది చూపించు' అంటారు. ఆ పిల్ల ఏం చూపించాలి? ముందే చెప్పకపోవడం మా తప్పు.

దిద్దొచ్చు గానీ తేలిక కాదు. ప్రతి కమిట్‌కీ ఒక గుర్తు ఉంటుంది. దాని ముందు కమిట్ గుర్తుని కూడా కలుపుకుని అది తయారవుతుంది. ఒక్క పేరు మారిస్తే అక్కణ్ణుంచి గుర్తులన్నీ మారిపోతాయి, పెన్‌డ్రైవుల్లో ఉన్న పాత కాపీలు దానితో కలవవు. నలుగుర్నీ కూర్చోబెట్టాం. కాస్త గొడవ కూడా అయింది. ఏది ఎవరిదో ఒప్పుకున్నాక దిద్దాం. తేలనివాటి కింద 'కో ఆథర్డ్ బై' అని ఇద్దరి పేర్లూ రాశాం.

కాబట్టి కూర్చోగానే 'గిట్ కాన్ఫిగ్ యూజర్ డాట్ నేమ్' కొట్టండి. వచ్చిన పేరు మీదేనా? కాకపోతే అదీ, 'యూజర్ డాట్ ఈమెయిల్' కూడా మార్చి అప్పుడు మొదలుపెట్టండి. లేచేటప్పుడు ఒక క్లోన్ తీసుకుపోండి. మామూలుగా తీసిన క్లోన్‌లో మొదట్నించీ జరిగిన చిట్టా అంతా వస్తుంది, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. గిట్‌హబ్ వేరు. అది 2018 నుంచి మైక్రోసాఫ్ట్ సొత్తు. అక్కడా పెట్టండి, ఇంట్లోనూ ఒకటి ఉంచుకోండి.

వచ్చే తరగతుల్లో మొదటి పాఠం ఆ అమ్మాయే చెబుతుంది. పెన్‌డ్రైవ్ కొనుక్కోలేనివాళ్ళు మాకు ముందుగా చెప్పండి.